మిరప కోతల నెలలో హిఫ్జ్ మరిచిపోకుండా

ప్రశ్న: మాది చిలకలూరిపేట దగ్గర పల్లె. నూర్‌బాషాలం, ఇంట్లో తెలుగే. మా బాబు ఖురాన్‌లో ఏడు పారాలు (భాగాలు) కంఠస్థం చేశాడు. మిరప కోతలకు మదర్సా నుంచి ఇంటికొచ్చి నెలైంది, పాత పారాలు తడబడుతున్నాడు. మాకెవరికీ అరబీ రాదు. ఏం చేయమంటారు?
– ఒక తల్లి

జవాబు: అమ్మా, బాబు జ్ఞాపకశక్తికి లోటేమీ లేదు. ఆముఖ్తా, అంటే పాత పాఠం తిప్పడం, ఆగింది. అంతే. ఇంటి దగ్గరున్నన్నాళ్లూ కొత్త సబక్, అంటే కొత్త పాఠం, వద్దు. రోజుకో పారా తిప్పితే వారానికి ఏడూ ఒక చుట్టు వస్తాయి. పదిహేను వరుసల ముస్‌హఫ్‌లో (ఖురాన్ ప్రతిలో) పారాకు సుమారు 20 పేజీలు. పూటకు నాలుగు చొప్పున ఐదు పూటల నమాజుల్లో, సున్నత్, నఫిల్ రకాతుల్లో చదువుకుంటే సరిపోతుంది. చేలో ఉన్నా జొహర్ వాటా వదలొద్దు. ముస్‌హఫ్ మాత్రం మార్చనివ్వకండి. ఏ ఆయత్ పేజీలో ఎక్కడుందో కంటికి గుర్తుంటుంది.

అసలు చిక్కు ఒకేలా ఉండే ఆయత్‌లతో. సూరా రహ్మాన్‌లో ఒకే వాక్యం 31 సార్లు వస్తుంది. ప్రతిసారీ దాని తర్వాత ఏముందో తెలుగులో ఒక్క మాటగా నోటుబుక్కులో రాయించండి. ఇంట్లో తెలుగే ఉండటం ఇక్కడ మీకు కలిసొస్తుంది.

అరబీ రాకపోయినా మీరు సాయం చేయొచ్చు. సెల్‌లో షేఖ్ హుసరీ పారాయణం పెట్టి, బాబు చదివింది దాంతో పోల్చి వినండి. తేడా వచ్చినచోట గుర్తు పెట్టించండి. వారానికోసారి ఉస్తాద్ గారికి ఫోన్లో అప్పజెప్పించండి. ఉచ్చారణ తప్పులు ఆయనే పట్టగలరు. తడబడినప్పుడు మాత్రం కసరకండమ్మా.