ఓల్టేజీ తగ్గితే మోటారెందుకు కాలింది?

మాది విస్సన్నపేట దగ్గర. మామిడి తోట, అందులో ఒక బోరు, బోరులో 5 హెచ్‌పీ సబ్‌మెర్సిబుల్ మోటారు. పోయిన ఏప్రిల్‌లో, కాయ సైజు పట్టే టైంలో, ఆ మోటారు కాలిపోయింది. పైపులన్నీ పైకి లేపించి, మోటారుని వైండింగ్ షాపుకి పంపించాక నాన్న నన్నడిగాడు.

"ఏరా, ఓల్టేజీ తక్కువైతే ఇంట్లో బల్బు డిమ్మవుద్ది. మోటారేమో కాలిపోద్ది. ఇదేం లెక్క?"

నేను చదివేది ఇంజనీరింగ్. పొటెన్షియల్ డిఫరెన్స్ నిర్వచనం పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నవాణ్ణి. నోరు పెగల్లేదు.

ఆ నిర్వచనం మీకూ తెలుసు: V = W/q. ఒక కూలుంబు ఆవేశం ఒక చోటు నుంచి ఇంకో చోటుకి వెళ్తే ఎన్ని జౌళ్ల పని జరుగుతుందో, అదే ఆ రెండు చోట్ల మధ్య వోల్టేజి. స్టార్టర్ డబ్బా మీటరులో 415 ఉందంటే, ఫేజుకీ ఫేజుకీ మధ్య కదిలే కూలుంబుకి 415 జౌళ్లు అన్నమాట (ఏసీ కాబట్టి ఆర్‌ఎంఎస్ లెక్క). దీన్ని మా బోరుతోనే పోల్చి చూడండి. 60 మీటర్ల లోతు నుంచి లీటరు నీళ్లు పైకి రావాలంటే 9.8 × 60 = 588 జౌళ్లు కావాలి. నష్టాలేవీ లేకపోతే 415 వోల్టుల దగ్గర కూలుంబున్నర కూడా అక్కర్లేదు. ఓల్టేజీ తగ్గితే అదే లీటరుకి ఎక్కువ కూలుంబులు కావాలి.

నాన్న ప్రశ్నకి సమాధానం ఇక్కడే ఉంది. బల్బు ఎంత వస్తే అంతతో సర్దుకుంటుంది. మోటారు సర్దుకోదు. పైన నీటి బరువు అలాగే ఉంది, ఇండక్షన్ మోటారు వేగం పెద్దగా తగ్గదు, కాబట్టి చేయాల్సిన పనీ దాదాపు అంతే. ఒక్కో కూలుంబు తెచ్చే శక్తి తగ్గింది గనక సెకనుకి ఎక్కువ కూలుంబులు లాగుతుంది. అంటే కరెంటు పెరుగుతుంది. ఆ రోజు మీటరులో 340 ఉందట. 415 ని 340 తో భాగిస్తే 1.22. వైండింగ్‌లో వేడి కరెంటు వర్గాన్ని బట్టి పెరుగుతుంది, అంటే సుమారు ఒకటిన్నర రెట్లు. గంటల తరబడి అలా తిరిగితే ఇన్సులేషన్ మాడిపోక ఏమవుతుంది?

మరి మిగతా ఓల్టేజీ ఏమైంది? దారిలో ఖర్చయింది. మా స్తంభం నుంచి బోరుకి 200 మీటర్లు, 4 చదరపు మిల్లీమీటర్ల అల్యూమినియం తీగ. దాని నిరోధం సుమారు 1.4 ఓములు. 7 ఆంపియర్లు పారితే ప్రతి తీగలో 10 వోల్టులు పోతాయి. పైగా కరెంటు రాగానే చుట్టుపక్కల తోటల్లోని ఆటో స్టార్టర్లన్నీ ఒక్కసారే మోటార్లని ఆన్ చేస్తాయి. ట్రాన్స్‌ఫార్మర్ నుంచి స్తంభం దాకా ఉన్న లైనులోనే చాలా పోతుంది. అందుకే హెచ్‌వీడీఎస్ పద్ధతిలో 11,000 వోల్టుల లైనునే పొలం దాకా తెచ్చి, కొద్ది మోటార్లకి ఒక చిన్న ట్రాన్స్‌ఫార్మర్ పెడతారు. అంతే పవర్‌కి 415 తో పోలిస్తే కరెంటు 26 రెట్లకి పైగా తగ్గుతుంది. అదే తీగలో నష్టమైతే సుమారు 700 రెట్లు తగ్గుతుంది.

ఒక అపోహ నాకు చాలాకాలం ఉండేది, చెప్పేస్తాను. ఎలక్ట్రాన్లు తీగలో బుల్లెట్లలా దూసుకెళ్తాయని, ఆ వేగమే శక్తి అని. పాత డబ్బా టీవీ పిక్చర్ ట్యూబులో అది నిజమే. అక్కడ శూన్యం, అడ్డుపడేదేమీ లేదు. qV మొత్తం గతిశక్తి అవుతుంది. 20,000 వోల్టులు దాటిన ఎలక్ట్రాన్ కాంతి వేగంలో నాలుగో వంతు మించి పోతుంది. తీగలో అలా కాదు. అడుగడుగునా గుద్దుకుంటూ, సగటున సెకనుకి మిల్లీమీటరు కూడా జరగదు. ఏసీలో అయితే ఉన్నచోటే అటూ ఇటూ ఊగుతుంది. మోటారుకి శక్తిని చేర్చేది తీగల చుట్టూ ఉండే క్షేత్రం, ఎలక్ట్రాన్ వేగం కాదు.

ఇదంతా నాన్నకి స్టార్టర్ డబ్బా మూత మీద చాక్‌పీసుతో వేసి చూపించాను. అంతా విని, "మరి ఎక్కువ కరెంటు లాగితే ట్రిప్పవ్వాలిగా?" అన్నాడు.

అవ్వాలి. ఓవర్‌లోడ్ రిలే ఉన్నదే అందుకు. సంక్రాంతి సెలవులకి వెళ్లినప్పుడు, మాటిమాటికీ ట్రిప్పవుతోందని దాని సెట్టింగు పెంచింది నేనే. ఆ మాట కూడా చెప్పాను. నాన్న ఏమీ అనలేదు. స్క్రూడ్రైవర్ నా చేతికిచ్చాడు. మోటారు నేమ్‌ప్లేటు మీదున్న ఆంపియర్లు చూసి, రిలేని మళ్లీ అక్కడికి తిప్పాను.