నామినీ వేరు, వారసుడు వేరు

గోదాములో సరుకెంత, రావలసిన బాకీ ఎంత అని ఏ సాయంత్రానికి ఆ సాయంత్రం సరిచూసుకునే వర్తకులు సైతం, డిపాజిట్లు, షేర్ల దగ్గరకు వచ్చేసరికి ‘నామినీగా పెద్దబ్బాయి పేరు రాయించాం, ఇక చింత లేదు’ అనుకుంటారు. ఇది సరికాదు.

నామినీ సొమ్ము అందుకొనే మనిషి మాత్రమే. రైతు సరుకు కమీషన్ ఏజెంటు కొట్టులో దిగినంత మాత్రాన ఏజెంటుదై పోతుందా? ఇదీ అంతే. జీవిత బీమా విషయంలో సుప్రీంకోర్టు 1983 డిసెంబరులో, సర్బతీ దేవి కేసులో ఈ మాటే చెప్పింది. నలభై ఏళ్ళకు, 2023 డిసెంబరులో, షేర్లకూ అదే సూత్రమని తేల్చింది. నామినీ భార్య, బిడ్డలు, తల్లిదండ్రులైతే బీమా సొమ్ము వారికే చెందేటట్లు 2015లో చట్టం సవరించారు గాని, వ్యాజ్యాలు అంతటితో ఆగలేదు.

ఒక మిర్చి వర్తకుడు సొంతార్జన 20 లక్షలు డిపాజిట్ చేసి, వీలునామా లేకుండా కాలం చేశాడనుకుందాం. భార్య, ఇద్దరు కొడుకులు, కుమార్తె, తల్లి ఉన్నారు. 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం ఐదుగురికీ తలా 4 లక్షలు. తల్లికి వాటా ఉందన్న సంగతి చాలామందికి గుర్తుండదు! నామినీ అయిన పెద్దకొడుకు మొత్తం తెచ్చి కొట్టు పద్దులో జమ వేసి సరుకు కొంటే, 16 లక్షలకు తక్కిన నలుగురికీ జవాబుదారీ. మిర్చి ధర పడిపోయినా ఆ బాకీ తగ్గదు.

వీలునామాకు స్టాంపు కాగితం అక్కరలేదు. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, చేయిస్తే మేలు. రాసిన వారి సంతకం, ఇద్దరు సాక్షుల సంతకాలు ఉండాలి. వాటా పొందేవారిని సాక్షులుగా పెట్టకపోవడం మంచిది.

ఇక అప్పులవారి సంగతి. 1874 నాటి వివాహిత స్త్రీల ఆస్తి చట్టం 6వ సెక్షన్ కింద భార్యాబిడ్డల పేర తీసుకున్న పాలసీ సొమ్ము భర్త వ్యాపారపు బాకీలకు పోదు. అయితే పాలసీ తీసుకునేటప్పుడే ఆ మాట రాయించాలి. అప్పులు ఎగవేసే ఉద్దేశంతో తీసుకున్నదైతే ఈ రక్షణ చెల్లదు. పి.పి.ఎఫ్. ఖాతా కూడా ఖాతాదారు అప్పులకు కోర్టు డిక్రీ కింద జప్తు కాదు. ఏడాదికి లక్షన్నర వరకు కట్టవచ్చు. ఉమ్మడి కుటుంబం పేరిట మాత్రం 2005 మే నుంచి కొత్త ఖాతాలు తెరవనివ్వడం లేదు.