పట్టుకున్నది వదలాలి కదా!

ఇంటర్ తెలుగు మీడియంలో చదివినవాళ్లకి ‘అధిశోషణం’ అనే మాట గుర్తుండే ఉంటుంది. మిగతావాళ్లకి అదే అడ్సార్ప్షన్. ఆ ‘అధి’ అనే ఉపసర్గలోనే సగం పాఠం ఉంది. ఇడ్లీ సాంబారుని లోపలికంటా పీల్చుకుంటే శోషణం. బ్లాక్‌బోర్డుకి సుద్దపొడి పట్టినట్టు పైన మాత్రమే అంటుకుంటే అధిశోషణం. అంటుకునేది పైనే కాబట్టి ఉపరితలం ఎంత ఎక్కువుంటే అంత లాభం. అందుకే ఈ రంధ్రాల గొడవంతా. కొబ్బరి చిప్పల బొగ్గుని ఆవిరితో యాక్టివేట్ చేస్తే ఒక్క గ్రాములో సుమారు 1000 చదరపు మీటర్లు వస్తుంది. అంటే చిటికెడు పొడిలో ఏడెనిమిది కబడ్డీ కోర్టులు మడతపెట్టి ఉన్నట్టు.

ఇలాంటి పొడితో కార్బన్ డయాక్సైడ్‌ని (మన పెద్దలు ముచ్చటగా బొగ్గుపులుసు వాయువు అన్నారు) పట్టొచ్చా? బొగ్గు ప్లాంటు పొగలో అది 12 నుంచి 15 శాతం ఉంటుంది, మిగిలిందాంట్లో ఎక్కువ భాగం నైట్రోజన్. జల్లెడ పడదామంటే కుదరదు. ఒకదాని అణువు వ్యాసం 3.3 ఆంగ్‌స్ట్రాములు, రెండోదానిది 3.64. అందుకని 13ఎక్స్ అనే జియోలైట్ సైజుని నమ్ముకోదు. దాని రంధ్రాల్లో సోడియం అయాన్లు కూర్చుని ఉంటాయి. కార్బన్ డయాక్సైడ్ అణువు రెండు చివర్లా, ఆక్సిజన్ల దగ్గర, కొంచెం రుణావేశం ఉంటుంది. ఆ చివర సోడియానికి అతుక్కుంటుంది. నైట్రోజన్‌కి ఈ ఆకర్షణ చాలా తక్కువ, జారిపోతుంది.

సెమినార్లలో మనం ‘గ్రాముకి ఎంత పట్టింది’ అనే అంకె చూసి చప్పట్లు కొడతాం. నాకు ఆ అంకె మీద పెద్ద నమ్మకం లేదు. పట్టిన గ్యాస్‌ని బయటికి తీసి, అదే పొడిని మళ్లీ వాడాలి కదా! ఉదాహరణకి ఒక పదార్థం గ్రాముకి 3 మిల్లీమోళ్లు పట్టి, వేడిచేసినా 1 మిల్లీమోల్‌ని మొండిగా అట్టిపెట్టుకుందనుకోండి. చేతికొచ్చేది 2, అంటే కిలోకి 88 గ్రాములు. ఒక టన్ను గ్యాస్ కావాలంటే పదకొండు టన్నుల పైచిలుకు పొడిని వేడిచేసి చల్లార్చాలి. ఆ వేడి ఎక్కడిది? టర్బైన్‌కి వెళ్లాల్సిన ఆవిరిలోంచే లాగాలి. ఆ మేరకు కరెంటు తగ్గుతుంది.

పట్టు మరీ వదులైతే పలచటి పొగలోంచి ఏమీ చిక్కదు. మరీ గట్టిదైతే విడిపించడానికే ఖర్చు. జియోలైట్ల లాంటి భౌతిక అధిశోషణంలో మోలుకి సుమారు 25 నుంచి 50 కిలోజౌళ్లు, అమీన్లతో రసాయన బంధమైతే సుమారు 60 నుంచి 90.

ఇంకో చిక్కు నీళ్లు. 13ఎక్స్‌కి కార్బన్ డయాక్సైడ్ కన్నా నీటి ఆవిరంటే ఎక్కువ ప్రేమ. పొగ చూస్తే తడి తడిగా ఉంటుంది. పొడి గ్యాస్‌తో ల్యాబ్‌లో మెరిసిన పదార్థం చిమ్నీ దగ్గర చతికిలపడేది ఇందుకే. లోహ సేంద్రియ చట్రాలు, అదే మాఫ్‌లు, 2025లో కిటగావా, రాబ్సన్, యాఘీలకి రసాయన నోబెల్ తెచ్చిపెట్టాయి. వాటిలో నాకు నచ్చింది మాత్రం రికార్డులు కొట్టనిది, కాల్ఫ్-20. జింకు, ఆక్సలేట్, ట్రయజోల్ కలిపి కెనడాలోని కాల్గరీ విశ్వవిద్యాలయంలో షిమిజు బృందం చేసింది. 2021లో ‘సైన్స్’ పత్రికలో వచ్చింది. దాదాపు 40 శాతం తేమ దాకా నీటికన్నా కార్బన్ డయాక్సైడ్‌నే ముందు రానిస్తుంది.

పొగ వదిలేసి నేరుగా గాలిలోంచే పట్టేవాళ్లూ ఉన్నారు. ఐస్‌లాండ్‌లో క్లైమ్‌వర్క్స్ సంస్థ 2024లో మొదలుపెట్టిన మామత్ ప్లాంటు సామర్థ్యం ఏడాదికి 36,000 టన్నులు. మన రామగుండం ఎన్టీపీసీ 2600 మెగావాట్ల స్టేషన్ పూర్తి లోడుతో నడిస్తే, యూనిట్‌కి 0.9 కిలో లెక్కన, ఒక్క రోజుకే 56,000 టన్నులు వదులుతుంది. గాలిలోకన్నా ఆ చిమ్నీలో గ్యాస్ సుమారు 300 రెట్లు చిక్కగా ఉంటుంది. పట్టాల్సిన చోటు ముందు అదే అని నా అభిప్రాయం.

మినీ ప్రాజెక్టుకి ఈ టాపిక్ తీసుకునేవాళ్లు ఏ పేపర్ తెరిచినా తడి గ్యాస్‌తో పరీక్షించారా, ఎన్ని సైకిళ్లు తిప్పారు అన్నవి ముందు వెతకండి. గ్రాముకి ఎంత అన్నది తర్వాత చూడొచ్చు.