బాకాకు ఎర్రకుళ్ళు తెగులు

సావనీరుకు సైన్సు వ్యాసం ఒకటి ఇమ్మని యూనియన్ వాళ్ళు అడిగినప్పుడు, నేను అణుశక్తి గురించో అంతరిక్షం గురించో రాస్తాననుకొని ఉంటారు. నేను రాస్తున్నది పాత బాకాల గురించి, వాటికి పట్టే తెగులు గురించి. మిత్రులు నవ్వినా ఫరవాలేదు.

మాది చోడవరం దగ్గర చెరకు పండించే ఊరు. ఎర్రకుళ్ళు తెగులంటే ఏమిటో మా ఇంట్లో చిన్నపిల్లలకు కూడా తెలుసు. మొదట్లో గడ పైకి బాగానే కనిపిస్తుంది. నిలువునా చీలిస్తే లోపలంతా ఎరుపు, మధ్యమధ్య తెల్ల మచ్చలు, పులిసిన వాసన. ఇత్తడికి కూడా ఇంగ్లీషులో సరిగ్గా అదే పేరుతో, 'రెడ్ రాట్' అని, ఒక జబ్బు ఉందని నాకు నిరుటి దాకా తెలియదు. తెలిసి ఉంటే మూడేళ్ళ కిందట నేను చేసిన పని చేసి ఉండేదాన్ని కాదు.

మా ఊరి బ్యాండు మేళంలో నలభై ఏళ్ళు బాకా ఊదిన ముసలాయన ఒకాయన ఉన్నాడు. మేమంతా తాతా అనే పిలుస్తాం. ఇల్లు కారుతోందని తన బాకాను మా అటక మీద దాచుకున్నాడు. సంక్రాంతికి ఇత్తడి సామాను దించి తోముతూ, బిందెలతో గంగాళాలతో పాటు నేను దాన్ని కూడా చింతపండూ బూడిదా పెట్టి తళతళలాడేలా తోమేశాను. తాత మెచ్చుకుంటాడనుకున్నాను. తోమిన తర్వాత నోటి దగ్గరి గొట్టం మీద గులాబిరంగు మచ్చలు బయటపడ్డాయి. ఒకదాన్ని గోటితో గీకితే బెజ్జం పడింది. తాత పెదవులకు ఆనించి ఊదితే గాలి ఉస్సుమని పక్కకు పోయింది. "పోన్లే అమ్మా, దానికీ వయసైపోయింది" అన్నాడు. తిట్టినా బాగుండేది.

నిరుడు కెమిస్ట్రీలో లోహాల క్షయం గురించి పాఠం చెబుతూ లెక్చరరు గారు 'డీజింకిఫికేషన్' అనే మాట అన్నారు. ఆ లక్షణాలు వింటుంటే నాకు ఆ గులాబి మచ్చలే కళ్ళముందు కనిపించాయి. లైబ్రరీ గాలించాను, దొరికినదల్లా చదివాను. చివరికి తేలిందేమంటే, ఈ జబ్బును కళ్ళకు కట్టినట్టు వర్ణించినవాళ్ళు పాత బాకాలు సేకరించేవాళ్ళు. అందులోనూ అమెరికాలో స్వింగ్ యుగపు వాద్యాలు కూడబెట్టేవాళ్ళు. ఆ వాద్యాలకిప్పుడు ఎనభై తొంభై ఏళ్ళు. జబ్బు ముదిరే వయసు.

స్వింగ్ అంటే ఇంచుమించు 1935 నుంచి 1945 దాకా అమెరికాను ఊపేసిన నాట్య సంగీతం. 1935 ఆగస్టు 21న లాస్ ఏంజెలెస్‌లోని పాలోమార్ బాల్‌రూంలో బెన్నీ గుడ్‌మన్ బృందం వాయించిన రాత్రితో ఆ యుగం మొదలైందని చెప్పడం రివాజు. డ్యూక్ ఎలింగ్టన్, కౌంట్ బేసీల బృందాలు ఆ కాలానివే. గ్లెన్ మిల్లర్, టామీ డార్సీ ట్రాంబోన్ వాయిస్తూనే బృందాలు నడిపారు. ఒక్కో బృందంలో మూడో నాలుగో ట్రంపెట్లు, దాదాపు అన్నే ట్రాంబోన్లు. (శాక్సఫోన్ ఇత్తడిదే అయినా ఇత్తడి వాద్యాల జాతిలో చేరదు. దానిలో అదిరేది రీడు, పెదవులు కావు. ఈ సంగతి మీద మా హాస్టల్లో పెద్ద గొడవే జరిగింది.) ఆ ఊపు మన దేశాన్నీ తాకింది. 1935లోనే లియాన్ ఆబీ బృందం బొంబాయి తాజ్ మహల్ హోటల్లో వాయించింది.

ఆ వాద్యాల్లో పేరున్నవి చాలావరకు ఇండియానా రాష్ట్రంలోని ఎల్క్‌హార్ట్ అనే చిన్న పట్టణంలో పుట్టాయి. కాన్, మార్టిన్, బుషర్ కంపెనీలు అక్కడివే. కింగ్ వాద్యాలు క్లీవ్‌లాండ్‌వి. విన్సెంట్ బాక్ న్యూయార్కులో చేసేవాడు. 1942లో యుద్ధానికి లోహాలు కావాలని ప్రభుత్వం వాద్యాల తయారీ ఆపించింది. కాన్ కర్మాగారంలో ట్రంపెట్లకు బదులు దిక్సూచులు తయారయ్యాయి. అందుకే సేకర్తలు వాల్వు తొడుగు మీద చెక్కిన నంబరు చూసి, వాద్యం 1942కు ముందుదా వెనకదా అని మొదట అడుగుతారు.

ఇక జబ్బు సంగతి. మామూలు పసుపు ఇత్తడిలో నూటికి 70 పాళ్ళు రాగి, 30 పాళ్ళు జింకు. ఊదేవాడి ఊపిరిలోని బొగ్గుపులుసు వాయువు తేమలో కరిగి పలచని ఆమ్లమవుతుంది. ఉమ్మిలో క్లోరైడు లవణాలు ఉండనే ఉన్నాయి. జింకు రాగికంటే చురుకైన లోహం కాబట్టి ముందు అదే కరిగి వెళ్ళిపోతుంది. మిగిలేది స్పాంజిలాంటి బోలు రాగి. గులాబిరంగు దానిదే. గొట్టం గోడ మందం అర మిల్లీమీటరుకు అటూ ఇటూ కాబట్టి, లోపల మొదలైన తెగులు బయటికి కనిపించేసరికి పని అయిపోయి ఉంటుంది. అచ్చం చెరకు లాగే. జింకు 15 పాళ్ళ లోపు ఉన్న ఇత్తడికి ఈ బెడద చాలా తక్కువ.

అంటే తాత బాకాను చంపింది నా చింతపండు కాదు. నలభై ఏళ్ళ ఆయన ఊపిరే. ఇది తెలిసిన రోజు రాత్రి నాకు హాయిగా నిద్రపట్టింది. తెల్లారాక మరో సంగతి తోచింది: బూడిద రాపిడికి పైపూత పోగొట్టిందీ, గోరుపెట్టి గీకిందీ నేనే కదా.

కాన్ కంపెనీవాళ్ళు 1930ల చివర్లో 'కోప్రియన్' అని ఒక ట్రంపెట్ నోరు చేశారు. రేకు వంచి అతికింది కాదది. మనం లాబ్‌లో చేసే విద్యుద్విశ్లేషణే, అచ్చు మీద శుద్ధమైన రాగిని పొరపొరగా పేర్చి తీశారు. అతుకు లేదు. జింకే లేదు కనుక ఆ భాగానికి ఈ తెగులూ లేదు. మన ప్రాక్టికల్ రికార్డుల్లో ఇలాంటి ఉదాహరణ ఒక్కటున్నా ఆ పాఠం ఎవరూ మరిచిపోరు.

వాల్వుల పరీక్ష నాకు మరీ నచ్చింది. మా నాన్న మందు కొట్టే ఇత్తడి స్ప్రేయరులో పిస్టన్‌కు తోలు వాషరు ఉంటుంది, అరిగితే మార్చుకోవచ్చు. ట్రంపెట్ పిస్టన్‌కు వాషరు లేదు. లోహానికి లోహమే, మధ్య నూనె పొర. సందు వెంట్రుకంత కూడా ఉండదు. వాల్వు నొక్కకుండా దాని పక్క గొట్టాన్ని అంగుళం బయటికి లాగి, అప్పుడు వాల్వు నొక్కాలి. 'టప్'మంటే బిగువు ఉన్నట్టు. చప్పుడు లేకపోతే అరిగిపోయినట్టు.

సేకర్తలలో తెగని తగాదా ఒకటుంది. పాడైన గొట్టం మార్చి వాయించాలా, అలాగే దాచాలా? సాన చక్రం మీద మెరుగు పెట్టించడం మాత్రం ఇరుపక్షాలకూ గిట్టదు. లోహం పలచబడుతుంది, చెక్కిన రాతలు చెరిగిపోతాయి. అరిగిన పూత వాద్యం వేళ్ళకు ఎక్కడ తగిలిందో చెబుతుందంటారు. దక్షిణ డకోటాలోని వెర్మిలియన్ మ్యూజియంలో ఉన్నవాటిని దాచడమే న్యాయం, అవి చరిత్ర. ఊళ్ళో ఉన్నదాన్ని వాయించాలి. నోటి గొట్టం ఒక్కటీ మార్చి, పాతది పారేయకుండా పెట్టెలో ఉంచాలని నా అభిప్రాయం.

ఈ వేసవిలో తాతకు అదే చెప్పాను. ఆయన బాకా మీరట్‌లో తయారైంది, గొట్టం అక్కడినుంచే తెప్పించవచ్చు. అంతా విని, "గొట్టం మారిస్తే అది నా బాకాయేనా అమ్మా?" అన్నాడు. సేకర్తల వాదనలన్నీ చదివినదాన్ని, నోటికి జవాబు రాలేదు. ప్రస్తుతానికి బెజ్జం మీద సైకిల్ ట్యూబు ముక్క చుట్టి ఉంది. గోరువెచ్చని నీళ్ళతో లోపల కడిగి వాల్వులకు నూనె వేశాను. రెండు 'టప్'మన్నాయి. మూడోది ఇంకా పలకలేదు.