ఇయర్‌ఫోన్ కొనేముందు

దూరాన పనిచేసే బిడ్డతో మాట్లాడటానికి మైకున్న చవక ఇయర్‌ఫోన్ చాలు. కాని పలాస జీడిపప్పు మిల్లు దగ్గరో, టెక్కలి బస్సులోనో మాట వినబడక సౌండు పెంచుతాం. ప్రమాదం అక్కడే ఉంది.

కొనేటప్పుడు ఇవి చూడండి:

1. రబ్బరు తొడుగు చెవికి సరిగ్గా అమరాలి. అమరితే బయటి రొద తగ్గి, తక్కువ సౌండుకే వినబడుతుంది.

2. సగం సౌండులోనే మాట స్పష్టంగా ఉండాలి.

3. దుకాణం బయట రోడ్డుపక్కన నిలబడి ఇంటికి ఫోను చేయండి. మీ మాట వారికి తెలియాలి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకారం పెద్దలు 80 డెసిబెల్స్ శబ్దాన్ని వారానికి 40 గంటలు వినవచ్చు. 90 అయితే 4 గంటలే. లోపలి చెవిలో శబ్దాన్ని పట్టే కణాలు చనిపోతే తిరిగి పుట్టవు.

చెవి కారుతుంటే ఇయర్‌ఫోన్ పెట్టకండి. చెవిలో హోరు తగ్గకపోతే డాక్టరుకు చూపించుకోండి.