సేనామర్యాద - ప్రజానురాగము

అయోధ్యాకాండమున ఒక చిన్న ఘట్టము కలదు. అన్నను తోడ్కొని వచ్చుటకు చతురంగబలముతో బయలుదేరిన భరతుడు, భరద్వాజాశ్రమము సమీపింపగానే సేననంతటిని క్రోసెడు దూరమున నిలిపి, ఆయుధములు విడిచి, వసిష్ఠుని ముందిడుకొని కాలినడకన వెళ్ళెను. సేనను వెంట తేలేదేమని మహర్షి అడుగగా, అది ఆశ్రమమందలి చెట్లను, నీటిని, నేలను, పర్ణశాలలను పాడుచేయునేమో అని వెఱచితినని విన్నవించెను. లంకకు సాగు వానరసేనయు రామాజ్ఞకు లోబడి పట్టణముల, పల్లెల దాపునకు పోక తొలగి నడచెనని యుద్ధకాండము తెలుపుచున్నది. ఎవరి సేనయైనను, దాని అడుగు పడినచోట మొదట నలుగునది నిరాయుధుడైన గృహస్థుని పంటయు, పశువు, ఇల్లునని ఆ మహనీయులు ఎఱుగుదురు.

ఈ మర్యాద తప్పినచో ఏమగునో చరిత్ర చెప్పుచున్నది. శ్రీరంగనాథుని దర్శించుటకు శ్రీరంగపట్టణము వెళ్ళు యాత్రికులు అచటి కోటను చూచియే యుందురు. 1799 మే 4వ తేదీన ఈస్టిండియా కంపెనీ సేనలు ఆ కోటలోనికి చొచ్చినవి. టిప్పు సుల్తాను పోరాడుచు మరణించెను. ఆ రాత్రి సైనికులు ఇంచుమించు ప్రతి ఇంటిని దోచిరి. మఱునాడు పట్టణాధికారము స్వీకరించిన ఆర్థర్ వెల్లస్లీ, దోపిడీదారులలో కొందరిని ఉరితీయించి, కొందరిని కొరడాలతో కొట్టించి ఆ అల్లరిని అణచెను. జనులు ఇండ్లకు మరలి తమ వృత్తులు సాగింపనారంభించిరని కొద్దిదినములకే ఆయన తన అన్నకు వ్రాసెను.

ఈ వెల్లస్లీయే పిమ్మట వెల్లింగ్టన్ ప్రభువై స్పెయిన్ దేశమున నెపోలియన్ సేనలతో పోరాడెను. నెపోలియన్ 1808లో ఆ దేశమును ఆక్రమించి తన అన్న జోసెఫ్‌కు పట్టము కట్టెను. ఆ యేడు మే 2న మాడ్రిడ్ నగరవాసులు తిరుగబడగా, ఫ్రెంచివారు పట్టుబడినవారిని గుంపులుగా నిలిపి కాల్చి చంపిరి. పల్లెల ధాన్యమును, పశువులను బలాత్కారముగ తీసికొనుటయే వారి సేనకు జీవనోపాయమయ్యెను. అందుచే రైతులును, మతగురువులును సైతము చిన్న చిన్న దండులుగా కూడి వారిని వేధించిరి. ఒక్క ఉత్తరము చేరవేయుటకును రౌతుదళము తోడు కావలసివచ్చెను. స్పానిష్ భాషలో చిన్నయుద్ధమని అర్థమిచ్చు ‘గెరిల్లా’ అను మాట లోకమున వ్యాపించినది ఈ పోరాటము వలననే.

1813 అక్టోబరులో వెల్లింగ్టన్ ఫ్రాన్సు దేశమున అడుగిడెను. ఆయన సేనయు నిర్దోషి కాదు. 1812లో బడహోస్, 1813లో శాన్ సెబాస్టియన్ అను మిత్రదేశపు పట్టణములనే అది కొల్లగొట్టినది. కావున ఈసారి ఆయన జాగరూకుడై యుండెను. పగతో ఫ్రెంచి పల్లెలను దోచిన స్పానిష్ దళములలో అధికభాగమును, తన బలము తగ్గునని తెలిసియు, స్వదేశమునకు పంపివైచెను. తీసికొన్న సరుకులకు రొక్కము చెల్లింపించెను. ఫ్రెంచి నాణెములు చాలనపుడు వెండి డాలర్లను ఆ నాణెములుగా ముద్రింపించెను. ఫలితముగ, స్వదేశసేన ఊరక తీసికొనిపోవు ధాన్యమును రైతులు పరసేనకు అమ్మజొచ్చిరి. స్పెయిన్‌లో రగిలిన పల్లెపోరు ఫ్రాన్సులో అంతగా రగులలేదు.

వెల్లింగ్టన్ ఇట్లు చేసినది దయకంటె ముందుచూపుతోననుట సత్యము. ఆ ముందుచూపు మన దేశమునకు క్రొత్త కాదు. జయించినవాడు ఓడిన రాజు దోషములను తన గుణములతో కప్పవలెననియు, ఆ ప్రజల వేషభాషలను, ఆచారములను తానును గైకొనవలెననియు, వారి దేవతలను, ఉత్సవములను గౌరవింపవలెననియు, బందీలను విడువవలెననియు అర్థశాస్త్రము పదమూడవ అధికరణమున కౌటిల్యుడు విధించెను. ప్రజలకు విరుద్ధముగ నడచువానిని ఎవ్వరును నమ్మరని కారణమును చెప్పెను.

రాజనీతి లాభము చూపి బోధించినదానిని సీతాదేవి కరుణతో ఆచరించి చూపినది. లంకావిజయము పిమ్మట, తనను పీడించిన రాక్షసస్త్రీలను చంపుటకు హనుమంతుడు అనుమతి కోరగా, రాజాజ్ఞకు లోబడిన దాసీలపై కోపము తగదని ఆ తల్లి వారించెను. శ్రీ పరాశరభట్టరు శ్రీగుణరత్నకోశమున ఈ ఘట్టమునే తలచి అమ్మవారి క్షమను కీర్తించిరి. గెలిచినవారి చేతిలో ఓడినవారి ప్రాణములున్న ఆ క్షణమున లంకలోని దీనజనులకు అభయము దొరకెను. అట్టి అభయము లభించినచోటనే ప్రజలు గెలిచినవారిని తమవారిగా తలంతురు.