అక్రిలమైడ్ సీసా తెరిచే ముందు

హైదరాబాదు

చెల్లీ,

పీహెచ్‌డీలో చేరావని, ప్రొటీన్ల మీద పని ఇచ్చారని రాసిన ఉత్తరం అందింది. అమ్మ ఆ సంగతి వీధి వీధంతా చెప్పేసింది. వచ్చే సోమవారం నుంచి జెల్స్ నువ్వే పోసుకోవాలని, స్టాకు సొల్యూషన్ కూడా నువ్వే తయారు చేసుకోవాలని సీనియర్ చెప్పాడని చివర్లో రాశావు. ఆ మాట చదివాక మిగతా కబుర్లు పక్కన పెట్టి ఈ ఉత్తరం మొదలుపెట్టాను. స్టాకు చేయడమంటే అక్రిలమైడ్ పొడి తూచడం. ఆ సీసా మూత తీసే ముందు ఇది ఓపిగ్గా చదువు.

ల్యాబులో ఆమ్లం చుక్క పడితే చెయ్యి మండుతుంది, వెంటనే కుళాయి దగ్గరికి పరుగెడతాం. అమ్మోనియా మూత తీస్తే ముక్కు అదరిపోతుంది, దూరం జరుగుతాం. అక్రిలమైడ్ దగ్గర అలాంటి హెచ్చరికేదీ ఉండదు. చూడటానికి పంచదార పొడిలా ఉంటుంది, వాసన రాదు. చేతి మీద పడినా అప్పటికప్పుడు ఏమీ తెలియదు. కానీ చర్మంలోంచి ఒంట్లోకి దిగిపోతుంది, ముక్కులోంచీ పోతుంది. కాబట్టి ఏదైనా తేడా చేస్తే ఒళ్లే చెబుతుందిలే అనుకోవడానికి వీల్లేదు. ఒళ్లు చెప్పదు కనుక జాగ్రత్త ముందే చేతులకు అలవాటై ఉండాలి. ఈ ఉత్తరంలో నేను చెప్పదలుచుకున్నది ఇదే.

ఎందుకింత ప్రమాదమో అర్థమైతే జాగ్రత్త బరువనిపించదు. ఈ అణువులో చురుకైన ఒక జంట బంధం ఉంది. ఏపీఎస్, టెమెడ్ అనే రసాయనాలు కలపగానే ఆ బంధాలు తెరుచుకుని అణువులు గొలుసులు కడతాయి. బిస్ అక్రిలమైడ్ ఆ గొలుసుల్ని ఒకదానితో ఒకటి ముడివేస్తుంది. అలా జెల్ గట్టిపడుతుంది. ప్రొటీన్లను వేరుచేయడానికి 1959లో ఈ జెల్ వాడుకలోకి వచ్చింది. 1970లో లెమ్లీ అనే శాస్త్రవేత్త ఎస్‌డీఎస్‌తో చేసిన పద్ధతి ప్రచురించాక ప్రొటీన్ ల్యాబుల్లో ఇది రోజువారీ పనైపోయింది. మనకింత ఉపయోగపడే ఆ జంట బంధమే ఒంట్లోకి వెళితే ప్రొటీన్లలో ఉండే గంధకాన్ని పట్టుకుంటుంది. నరాల చివర్లు ముందుగా దెబ్బతింటాయి. పొడవైన నరాలకు మరీ నష్టం, అందుకే లక్షణాలు పాదాల్లో, చేతివేళ్లలో మొదలవుతాయి. కాలేయం దీన్ని గ్లైసిడమైడ్‌గా మారుస్తుంది, అది డీఎన్ఏకే అంటుకుంటుంది. మనుషుల్లో బహుశా క్యాన్సర్ కలిగించగలవని గుర్తించిన 2ఎ వర్గంలో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ అక్రిలమైడ్‌ను 1994లో చేర్చింది. సంతాన సామర్థ్యానికీ హాని చేయవచ్చని లేబుల్ మీదే హెచ్చరిక ఉంటుంది. ఇవాళో రేపో పెళ్లి, పిల్లలు అనుకునే వయసు నీది, ఆ లేబుల్ పూర్తిగా చదువు.

స్వీడన్‌లో జరిగిన సంగతి ఒకటి నువ్వు తెలుసుకోవాలి. అక్కడ హాలండ్‌సోస్ అనే కొండలో రైలు సొరంగం తవ్వుతుండగా నీటి ఊట ఆగలేదు. 1997లో ఊట వచ్చే పగుళ్లు పూడ్చడానికి అక్రిలమైడ్ ఉన్న ద్రావణం ఎక్కించారు. అది పూర్తిగా గట్టిపడకుండానే నీళ్లలో కలిసి వాగుల్లోకి పారింది. చేపలు చచ్చాయి. ఆ నీళ్లు తాగిన ఆవులకు కాళ్లు పడిపోయాయి. సొరంగంలో పనిచేసిన 210 మందిని పరీక్షిస్తే చాలామంది రక్తంలో హీమోగ్లోబిన్‌కు అక్రిలమైడ్ అంటుకుని కనిపించింది. కొందరికి చేతులు, కాళ్లు తిమ్మిరెక్కి మొద్దుబారాయి. అదృష్టవశాత్తూ దాదాపు అందరూ కోలుకున్నారు. పోల్చి చూద్దామని సొరంగం దరిదాపులకు రాని వాళ్ల రక్తం పరీక్షిస్తే వాళ్లలోనూ కొద్దిగా కనిపించింది. అదెక్కణ్నుంచి వచ్చిందని వెతుక్కుంటూ పోతే, పిండిపదార్థాలు బాగా వేయించినప్పుడూ కాల్చినప్పుడూ అక్రిలమైడ్ పుడుతుందని తేలింది. 2002లో ఆ సంగతి లోకానికంతా తెలిసింది.

ఇది విని ల్యాబులో ఎవరో ఒకరు, ఆలూ చిప్స్‌లో ఉన్నదానికి ఇంత భయమెందుకని అంటారు. చిప్స్‌లో ఉండేది మైక్రోగ్రాముల్లో. నువ్వు తూచేది గ్రాముల్లో. గ్రాముకు పది లక్షల మైక్రోగ్రాములు. ఇక సీనియర్లు చెప్పే మాట ఇంకోటుంది: మేమూ ఉత్త చేతుల్తోనే చేశాం, మాకేం కాలేదు. వాళ్లను తప్పుపట్టకు, కానీ ఆ మాట లెక్కలోకి తీసుకోకు. ఈ నరాల దెబ్బ ఒక్కరోజులో కనపడేది కాదు. కొంచెం కొంచెంగా చాలాకాలం తగిలినప్పుడు పోగవుతుంది. ఇప్పటిదాకా ఏమీ కాకపోవడం ఇకముందు కూడా కాదనడానికి రుజువు కాదు.

ఇప్పుడు పని సంగతి. అన్నిటికన్నా మంచి జాగ్రత్త అసలు పొడి జోలికే పోకపోవడం. తయారుగా దొరికే 30 శాతం సొల్యూషన్ కొనమని మీ గైడ్‌ను అడుగు. ఖర్చు కొంచెం ఎక్కువే, అయినా మొహమాటపడకు. పొడి గాల్లోకి లేవకపోవడమే దానివల్ల వచ్చే లాభం. విషం మాత్రం అదే, చర్మంలోంచి అలాగే దిగుతుంది. కాబట్టి సొల్యూషన్‌కూ గ్లోవ్స్ తప్పవు.

పొడే వాడక తప్పదంటే చిన్న సీసా తెప్పించు. సీసా మొత్తాన్ని ఒకేసారి కరిగించేస్తే తూచే పనే ఉండదు. ఫ్యూమ్ హుడ్‌లో మూత తీసి, ఆ సీసాలోనే కొంచెం నీళ్లు పోసి కరిగించి, తర్వాత కొలతకు సరిచేసుకో. తూచక తప్పకపోతే మూతున్న డబ్బా ఖాళీగా తూచి, హుడ్‌లోకి తీసుకెళ్లి పొడి వేసి, మూత బిగించి మళ్లీ తూచు. బయట బాలెన్స్ మీద కాగితం పరిచి స్పాచులాతో రాల్చే పద్ధతి మాత్రం వద్దు. ఈ పొడి పొడిగాలికి స్థిర విద్యుత్తుతో స్పాచులాకూ, గ్లోవ్స్‌కూ అంటుకుంటుంది, చిటికెలో ఎగురుతుంది.

మన ల్యాబుల్లో రెండు సంగతులు ప్రత్యేకంగా చూసుకో. ఒకటి, బాలెన్స్ మీద తిరిగే సీలింగ్ ఫ్యాను. తూచే గదిలో ఫ్యాను ఆపేశాకే సీసా తియ్యి. రెండోది కరెంటు. కరెంటు పోతే యూపీఎస్ మీద బాలెన్స్ వెలుగుతూనే ఉంటుంది, హుడ్ ఫ్యాను మాత్రం ఆగిపోయి ఉండొచ్చు. అంకెలు కనిపిస్తున్నాయి కదా అని పని సాగించకు. మూత బిగించి, హుడ్ మళ్లీ తిరిగేదాకా ఆగు.

గ్లోవ్స్ నైట్రైల్‌వి వాడు. మీ విశాఖ ఉక్కకు చేతులు తడిసి ముద్దవుతాయి, తీసిపారేద్దామనిపిస్తుంది. తీసి కొత్తవి వేసుకో, ఉత్త చేతులతో మాత్రం ముట్టుకోకు. ఆ గ్లోవ్స్‌తో తలుపు పిడి, ఫోను, పెన్ను ముట్టుకోవద్దు. నీ తర్వాత ఆ పిడి పట్టుకునేవాళ్లకు దానిమీద ఏముందో తెలియదు. పనయ్యాక బాలెన్స్‌నూ, బల్లనూ తడి టిష్యూతో తుడువు, పొడిగుడ్డతో దులపకు. చేతులు సబ్బుతో కడుక్కో, శానిటైజర్ రుద్దినంత మాత్రాన పోదు. ఆప్రాన్ హాస్టల్లో మిగతా బట్టలతో ఒకే బకెట్లో నానబెట్టకు. ల్యాబు ఫ్రిజ్‌లో పెరుగన్నం డబ్బా ఎవరైనా పెడితే, చనువుగానే చెప్పి తీయించు.

జెల్ గట్టిపడ్డాక భయం చాలావరకు తగ్గుతుంది, కానీ గొలుసులో కలవని అక్రిలమైడ్ కొంత అందులో మిగులుతుంది. గ్లోవ్స్ తీయకు. మిగిలిన సొల్యూషన్ సింకులో పోయొద్దు. నీళ్లతో పలుచన చేసి, కొద్దికొద్దిగా ఏపీఎస్, టెమెడ్ వేసి గట్టిపడనిచ్చి రసాయన వ్యర్థాల డబ్బాలో వెయ్యి. చిక్కటిదాన్ని ఎక్కువ మొత్తంలో ఒకేసారి గట్టిపరిస్తే విపరీతంగా వేడెక్కుతుంది. పొడి సీసాను ఎండకూ, ఓవెన్‌కూ, ఏపీఎస్‌కూ దూరంగా పెట్టు. 84.5 డిగ్రీల దగ్గర కరిగి, ఆ వేడికి దానంతటదే ఉధృతంగా గొలుసులు కట్టేస్తుంది.

చర్మం మీద పడితే ధారగా నీళ్ల కింద పెట్టి 15 నిమిషాలు కడుగు. కళ్లలో పడినా అంతే. వెంటనే గైడ్‌కు చెప్పి, సేఫ్టీ డేటా షీట్ చేతపట్టుకుని డాక్టరు దగ్గరికి వెళ్లు. అరచేతుల్లో చర్మం పొరలు పొరలుగా ఊడుతున్నా, వేళ్లు తిమ్మిరెక్కుతున్నా, నడకలో తూలుతున్నా ఎండాకాలం నీరసమని సరిపెట్టుకోకు. ఫలానా పొడితో పనిచేస్తున్నానని డాక్టరుకు నువ్వే చెప్పాలి, ఆయనంతట ఆయన ఊహించలేడు.

సోమవారం మొదటిసారి చేసేటప్పుడు ఒంటరిగా, రాత్రిపూట వద్దు. పగలు, తెలిసినవాళ్లు పక్కనుండగా చెయ్యి. ఏడాది తిరిగేసరికి నీకూ జూనియర్లు వస్తారు. నీ చెయ్యి ఎలా పనిచేస్తే వాళ్లూ అలాగే నేర్చుకుంటారు. గైడ్ సొల్యూషన్ కొనిపెడతానన్నారో లేదో ఆదివారంలోగా ఫోను చేసి చెప్పు. ఒప్పుకోకపోతే ఏమని అడగాలో ఇద్దరం కలిసి ఆలోచిద్దాం.

ఇట్లు
మీ అక్క